ఉస్మానియా పుస్తకాలు – అవి ఎక్కడున్నాయి? ఎవరు చదవాలి?

కాచిగూడ స్టేషన్‌లో సికింద్రాబాదు వైపు వెళ్ళే లోకల్ రైలు ఎక్కితే విద్యానగర్ దాటాక వచ్చే స్టేషను పేరు జామియా ఉస్మానియా. దాని తర్వాతది ఆర్ట్స్ కాలేజి. ఆ రెండు స్టేషన్ల మధ్య, అటు తార్నాక దాకా పరచుకొని ఉన్న స్థలమంతా మన విశ్వవిద్యాలయమే. మన సొసైటీ సభ్యుల ఇళ్ళల్లో ఆ గేటు లోపలికి ఏదో ఒక పని మీద వెళ్ళి రాని కుటుంబం బహుశా ఉండదు. పరీక్ష ఫీజు కట్టడానికి వెళ్ళాం, ఫలితాలు చూసుకోవడానికి వెళ్ళాం, పిల్లల సర్టిఫికెట్ల కోసం తిరిగాం. కాని ఆ క్యాంపస్ ఒకప్పుడు దేశంలోనే పేరుపడ్డ పుస్తకాల కార్ఖానా అన్న సంగతి మనలో చాలా మందికి తెలియదు. ఆ పుస్తకాల్లో చాలా భాగం ఇవాళ పైసా ఖర్చు లేకుండా దొరుకుతున్నదన్న సంగతి తెలిసినవారు ఇంకా తక్కువ. ఈ రెండు సంగతులూ కలిపి చెప్పుకోవడానికే ఈ వ్యాసం.

1917లో హైదరాబాదు ప్రభుత్వంలో పనిచేస్తున్న అక్బర్ హైదరీ సాహెబ్ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్‌కు ఒక విన్నపం సమర్పించారు. పిల్లవాడు సగం శక్తి ఇంగ్లీషు నేర్చుకోవడానికే ధారపోస్తే మిగతా సగంతో శాస్త్రం ఏం నేర్చుకుంటాడు, కనుక మన భాషలోనే పై చదువులు చెప్పించండి – ఆ విన్నపం సారాంశం ఇది. అదే సంవత్సరం ఏప్రిల్ 26న ఫర్మానా వెలువడింది. ఉర్దూ మాధ్యమంగా, ఇంగ్లీషు తప్పనిసరి భాషగా విశ్వవిద్యాలయం పెట్టాలని నిశ్చయమైంది. ఈ నిర్ణయం తీసుకున్నవాళ్ళు తెలివైనవాళ్ళు. భాష ఉంటే చాలదు, పుస్తకాలు ఉండాలి గదా! అందుకని కాలేజీ తరగతులు 1919 ఆగస్టు 28న మొదలు కాగా, దానికి రెండేళ్ళ ముందే, 1917లోనే, దారుల్ తర్జుమా అనే అనువాద విభాగాన్ని తెరిచారు. విద్యార్థి రాకముందే అతని చేతిలో పెట్టవలసిన పుస్తకం కోసం ఆఫీసు పెట్టిన విశ్వవిద్యాలయాలు ఎక్కువ లేవు. మనం ఇప్పుడు చూసే ఆర్ట్స్ కాలేజి మహాభవనం చాలా తర్వాతి మాట. దానికి శంకుస్థాపన 1934లో, ప్రారంభోత్సవం 1939 డిసెంబరులో జరిగాయి. అప్పటికే అద్దె భవనాల్లో ఇరవై ఏళ్ళుగా చదువు సాగుతూ ఉంది, అనువాదాలు అచ్చవుతూ ఉన్నాయి.

దారుల్ తర్జుమాకు మొదటి నాజిం మౌల్వీ అబ్దుల్ హఖ్. తరువాతి కాలంలో లోకం ఆయనను బాబాయె ఉర్దూ అని పిలిచింది. ఆయన చుట్టూ చేరిన పేర్లు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఉమ్రావ్ జాన్ అదా నవల రాసిన మీర్జా హాదీ రుస్వా ఇక్కడ కూర్చుని తత్వశాస్త్ర గ్రంథాలు అనువదించారు, 1931లో ఈ ఊళ్ళోనే కన్నుమూశారు. అబ్దుల్ మాజిద్ దరియాబాదీ కొంతకాలం పనిచేశారు. జోష్ మలీహాబాదీ దాదాపు పదేళ్ళు ఇక్కడి జీతం తిన్నారు. నజ్మ్ తబాతబాయి, అబ్దుల్లా ఇమాదీ వంటి పండితుల సంగతి చెప్పనక్కరలేదు. ఇంతమంది కవులనూ పండితులనూ ఒక సర్కారీ ఆఫీసులో కూర్చోబెట్టి పని చేయించడం ఎంత కష్టమో ఆఫీసులు నడిపినవారికి తెలుసు!

వాళ్ళకు ఎదురైన అసలు చిక్కు వాక్యాలతో కాదు, మాటలతో. భౌతికశాస్త్రంలో, రసాయనశాస్త్రంలో, వైద్యంలో వేలకొద్దీ పారిభాషిక పదాలు. వాటికి ఉర్దూలో ఏం రాయాలి? అరబీ, ఫార్సీ ధాతువుల నుంచి కొత్త పదాలు పుట్టించాలని కొందరు, ఉర్దూ స్వభావానికి తగినట్టు హిందీ మాటల్ని కూడా కలుపుకోవాలని కొందరు, ఇంగ్లీషు మాటనే ఉంచేద్దామని మరికొందరు. ఒక్కొక్క శాస్త్రానికి ఒక్కొక్క కమిటీ. అందులో ఆ శాస్త్రం తెలిసినవారూ, భాష తెలిసినవారూ ఎదురెదురుగా కూర్చుని ఒక్కొక్క మాటకు వాదులాడుకునేవారు. వహీదుద్దీన్ సలీం అనే ఆచార్యులు పదాల నిర్మాణం ఎలా చేయాలో చెబుతూ 1921లో ఏకంగా ఒక పుస్తకమే వెలువరించారు. దాని పేరు వజె ఇస్తిలాహాత్. ఇదంతా కాలక్షేపం పని అనుకోవద్దు. దాదాపు యాభై ఏళ్ళ తర్వాత, 1968లో, తెలుగు అకాడమీ స్థాపించి కాలేజీ పుస్తకాలు తెలుగులో రాయించబోయినప్పుడు మన తెలుగు పండితులకు సరిగ్గా ఇదే చిక్కు ఎదురైంది. సంస్కృతం నుంచి పుట్టించాలా, వాడుక మాట తీసుకోవాలా, ఇంగ్లీషును ఉంచాలా? అదే తగవు, మరో లిపిలో.

మూడు దశాబ్దాల్లో మూడు వందలకు పైగా గ్రంథాలు అచ్చయ్యాయి. చరిత్ర, గణితం, న్యాయం, తత్వం, వైద్యం, ఇంజనీరింగు – అన్నీ. ఇబ్నె సాద్ రాసిన తబఖాత్ అనే మహాగ్రంథాన్ని అబ్దుల్లా ఇమాదీ ఉర్దూ చేశారు. ముల్లా సద్రా తత్వగ్రంథం అస్ఫార్‌లో భాగాన్ని మనాజిర్ అహ్సన్ గిలానీ అనువదించారు. జర్మనీలో హైజెన్‌బర్గ్ వద్ద చదివి వచ్చిన రజీయుద్దీన్ సిద్దీఖీ ఇక్కడ గణితం ఉర్దూలో బోధించారు. అంతర్జాతీయ న్యాయశాస్త్రంలో లోకప్రసిద్ధులైన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా (1908–2002) ఈ జామియా బిడ్డే. ఇక్కడ చదివి, ఇక్కడే బోధించి, తరువాత పారిస్‌లో స్థిరపడి పవిత్ర ఖురాన్‌ను ఫ్రెంచి భాషలోకి తెచ్చారు.

తెలుగు వైపు కథ

ఇక్కడ ఒక మాట నిర్మొహమాటంగా చెప్పుకోవాలి. నిజాం రాజ్యంలో ఉర్దూ మాతృభాషగా గలవారు కొద్దిమందే. తెలుగు మాట్లాడేవారే అందరికన్నా ఎక్కువ. మాతృభాషలో చదువు అన్న గొప్ప సూత్రం తెలుగు పిల్లవాడి దాకా వచ్చేసరికి ఆగిపోయింది. అతను ఇంగ్లీషుకు బదులు ఉర్దూతో కుస్తీ పట్టవలసి వచ్చింది. విశ్వవిద్యాలయంలో తెలుగు శాఖ ఉన్నమాట నిజం, రాయప్రోలు సుబ్బారావుగారు అక్కడ ఆచార్యులుగా ఉన్నమాటా నిజం. అయినా ఖజానా డబ్బుతో తెలుగులో శాస్త్రగ్రంథాలు రాయించే దారుల్ తర్జుమా ఏదీ లేదు. మన సముదాయం పత్రికలో ఈ మాట ఎందుకంటే, ఉస్మానియా గొప్పదనం చెప్పేటప్పుడు మనవాళ్ళు ఈ సంగతి దాటవేస్తుంటారు, ఎదుటివాళ్ళేమో ఇదొక్కటే పట్టుకుంటారు. రెండూ చరిత్ర కాదు.

తెలుగు వైపు ఆ పనిని జనమే నెత్తికెత్తుకున్నారు. 1901లో సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసింది. కాచిగూడ నుంచి నడిచి వెళ్ళేంత దూరం. 1906లో కొమర్రాజు లక్ష్మణరావుగారు, ఆయన మిత్రులు ఈ హైదరాబాదులోనే విజ్ఞాన చంద్రికా గ్రంథమండలిని స్థాపించారు. కథలూ కావ్యాలూ మనకు కావలసినన్ని ఉన్నాయి, లేనివల్లా చరిత్ర, విజ్ఞాన గ్రంథాలు అన్నది వారి పట్టుదల. వారు అచ్చువేసిన మొదటి పుస్తకం గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ జీవితచరిత్ర. లక్ష్మణరావుగారే స్వయంగా హిందూ మహాయుగం, మహమ్మదీయ మహాయుగం అనే చరిత్ర భాగాలు రచించారు. తరువాతి తరంలో వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు చేతపట్టుకొని ఊరూరా తిరిగి అమ్మారు. సభ పెట్టుకోవాలన్నా సర్కారు ఇజాజత్ కావలసిన రోజులవి. ఒకవైపు ఖజానా అండతో ఉర్దూ పండితులు, మరొకవైపు చందాలు పోగుచేసుకుంటూ తెలుగు పండితులు. ఒకే ఊళ్ళో, కూతవేటు దూరంలో, ఒకే రకం పని చేశారు. ఒకరి పుస్తకం ఒకరు చదివిన సందర్భాలు మాత్రం అరుదు. ఉర్దూ, ఫార్సీ ఆధారాలు చదివి తెలుగులో చరిత్ర రాసిన సురవరం ప్రతాపరెడ్డిగారి వంటివారు వేళ్ళమీద లెక్కపెట్టేంత మంది.

దాయిరతుల్ మఆరిఫ్

క్యాంపస్‌లోనే ఉన్న మరో సంస్థను గురించి విడిగా చెప్పకపోతే పాపం. దాని పేరు దాయిరతుల్ మఆరిఫిల్ ఉస్మానియా. విశ్వవిద్యాలయం కంటే పెద్దది, 1888లో పుట్టింది. ఇమాదుల్ ముల్క్ సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం, మౌలానా అన్వారుల్లా ఫారూఖీ – ఈ ముగ్గురూ దాని స్థాపకులు. ప్రపంచంలో ఎక్కడెక్కడో చేతిరాత ప్రతులుగా మూలబడి ఉన్న అరబీ గ్రంథాలను వెతికి, ప్రతులు పోల్చి, తప్పులు సరిచూసి అచ్చువేయడం దాని పని. ఇస్తాంబుల్, కైరో, బెర్లిన్, రాంపూర్, పాట్నా – ఎక్కడ ప్రతి ఉందంటే అక్కడి నుంచి నకలు తెప్పించేవారు. ఫ్రిట్జ్ క్రెంకో అనే జర్మన్ పండితుడు ఎన్నో గ్రంథాలు ఈ సంస్థ కోసం పరిష్కరించారు.

ఏమేమి అచ్చువేశారో కొన్ని చెబుతాను. హదీసు శాస్త్రంలో హాకిం ముస్తద్రక్, బైహఖీ సుననె కుబ్రా పది సంపుటాలు, ఇబ్నె హజర్ తహ్జీబుత్ తహ్జీబ్ పన్నెండు సంపుటాలు. ఇవి ఆలిములకు సంబంధించినవి. కాని విజ్ఞాన గ్రంథాల జాబితా చూడండి. అల్ బిరూనీ ఖగోళ గ్రంథం అల్ ఖానూనుల్ మసూదీ మూడు సంపుటాలు 1954–56 మధ్య వచ్చాయి. రత్నాలూ ఖనిజాలపై ఆయన రాసిన కితాబుల్ జమాహిర్ అంతకు ముందే వచ్చింది. వెయ్యేళ్ళ కిందట భారతదేశాన్ని చూసి ఆయన రాసిన కితాబుల్ హింద్ 1958లో వెలువడింది. వైద్యుల్లో చక్రవర్తి అనదగిన అబూబకర్ రాజీ రచన కితాబుల్ హావీ అచ్చు 1955లో ప్రారంభమై ఇరవైకి పైగా సంపుటాలుగా సాగింది. కాంతి ఎలా ప్రయాణిస్తుందో వివరించిన ఇబ్నె హైసం గ్రంథానికి కమాలుద్దీన్ ఫారసీ వ్యాఖ్య, తూకం, సాంద్రతల మీద ఖాజినీ రాసిన మీజానుల్ హిక్మా – ఇవన్నీ ఇక్కడివే.

ఈ పుస్తకాల ముఖపత్రం మీద హైదరాబాద్ అల్ దకన్ అని ఉంటుంది. కైరోలో, బైరూత్‌లో, లండన్‌లో అరబీ చదివే ప్రతి పండితుడికీ ఆ ముద్ర తెలుసు. బైరూత్ ప్రచురణకర్తలు కొందరు ఈ అచ్చునే ఫోటో తీసి మళ్ళీ మళ్ళీ వేసుకున్నారు. బర్కత్‌పురాలో, నింబోలి అడ్డాలో అడిగి చూడండి, దాయిరతుల్ మఆరిఫ్ ఎక్కడ అని. ఆటో అతను తెల్లమొహం వేస్తే అతని తప్పేముంది?

లిపి తెగిపోయిన తర్వాత

1948 తర్వాత విశ్వవిద్యాలయంలో బోధన క్రమంగా ఇంగ్లీషుకు మారింది. దారుల్ తర్జుమా ఆగిపోయింది. దాని పుస్తకాలు పాఠ్యగ్రంథాలు కావడం మానేశాక అల్మారాల్లో మిగిలాయి. కొన్ని సరిహద్దులు దాటాయి; ఇక్కడి తబఖాత్ వంటి చరిత్ర అనువాదాలను కరాచీలో నఫీస్ అకాడమీ మళ్ళీ అచ్చువేసింది. మన ఇళ్ళల్లో దాదా చదివిన పుస్తకం మనవడికి బొమ్మల పుస్తకం అయింది. దాదా ఉర్దూ మీడియం, అబ్బా సగం ఉర్దూ సగం ఇంగ్లీషు, పిల్లవాడు ఇంగ్లీషు మీడియంలో తెలుగు రెండో భాష. ఇందులో ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. బతుకు తెరువు ఎటుంటే చదువు అటే పోతుంది. కాని ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ ఉర్దూ చదవలేని తరం వచ్చిందన్నది వాస్తవం. దాని ఫలితం మొదట కనిపించేది రద్దీ కొట్టులో. పెద్దాయన మర్హూం అయిన ఆరు నెలలకు గది ఖాళీ చేస్తారు. పుస్తకాలు కిలోల లెక్కన వెళ్ళిపోతాయి. అదృష్టం బాగుంటే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద తేలుతాయి, లేకుంటే పొట్లాలవుతాయి.

ఇలా పోతున్న వాటిని ఆపిన మనిషి ఒకరున్నారు. అబ్దుస్ సమద్ ఖాన్ అనే ఆయన జీవితకాలం ఉర్దూ పుస్తకాలు, పత్రికలు పోగుచేసి ఉర్దూ రీసెర్చ్ సెంటర్‌గా రూపొందించారు. ఆ సంచయం విలువ అమెరికాలో షికాగో విశ్వవిద్యాలయం దాకా తెలిసింది. తరువాత అది బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రానికి చేరింది. 2000 ఆగస్టులో కుండపోత వాన కురిసి నాలాలు పొంగినప్పుడు ఆ భవనంలోకి నీళ్ళు వచ్చి వేలాది పుస్తకాలు తడిసి ముద్దయ్యాయి. ఎన్నో చేతులు కలిసి కాపాడగలిగినంత కాపాడాయి. ఒక్క ప్రతి మాత్రమే ఉన్న పుస్తకానికి ఒక్క వాన చాలు. నకలు తీసి నాలుగు చోట్ల పెట్టాలన్న ఆలోచనకు బలం ఇటువంటి సంఘటనల వల్లనే వచ్చింది.

ఆ నకలు పనికి పెద్ద ఎత్తున పూనుకున్నది మన తెలుగువాడే కావడం ముదావహం. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టి, అమెరికాలో కంప్యూటర్ శాస్త్రంలో 1994 ట్యూరింగ్ బహుమతి పొందిన రాజ్ రెడ్డిగారు పది లక్షల పుస్తకాలను కంప్యూటర్‌లోకి ఎక్కించాలని ఒక పథకం వేశారు. ఇండియాలో దాని పేరు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. 2003లో రాష్ట్రపతి అబ్దుల్ కలాం దానిని ప్రారంభించారు. హైదరాబాదులో ట్రిపుల్ ఐటీ కేంద్రంగా పని జరిగింది. ఉస్మానియా లైబ్రరీ పుస్తకాలు, అఫ్జల్‌గంజ్‌లోని స్టేట్ సెంట్రల్ లైబ్రరీ పుస్తకాలు వేల సంఖ్యలో స్కానర్ కిందికి వెళ్ళాయి. స్టేట్ సెంట్రల్ లైబ్రరీ అంటే పాతవాళ్ళ కుతుబ్‌ఖానా ఆసఫియా. 1891లో దాని స్థాపనలోనూ పైన చెప్పిన ఇమాదుల్ ముల్క్‌గారి చెయ్యి ఉంది.

ఆ స్కానింగు అంత గొప్పగా ఏమీ లేదు. ఉస్మానియా ప్రతులు తెరిస్తే మొదట్లోనే ఒక పుట మీద పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో హెచ్చరికలు ఉంటాయి – ఇందులో పుటలు లోపించాయి అనో, బైండింగు బిగుతుగా ఉంది అనో, పుస్తకం చెడిపోయింది అనో. తరువాత లైబ్రరీ వారి చీటీ, దాని మీద కాల్ నంబరు, గడువు తేదీ లోపల పుస్తకం తిరిగి ఇవ్వాలన్న సూచన. పేర్లు ఎక్కించినవారికి ఉర్దూ రాదో, తెలుగు రాదో తెలియదు గాని, తారీఖ్ అనే ఒక్క మాటను రోమన్ లిపిలో నాలుగైదు రకాలుగా రాశారు. రచయిత పేరు ఉండవలసిన చోట సంపాదకుని పేరు, సంవత్సరం ఉండవలసిన చోట సున్న. అయినా సరే, ఆ పని జరగకపోతే ఇవాళ మన చేతిలో ఏమీ ఉండేది కాదు. 2017 ప్రాంతంలో ఆ ప్రభుత్వ వెబ్‌సైటు మూతపడింది. అంతకు ముందే కార్ల్ మాలముద్ అనే అమెరికన్ నాలుగు లక్షలకు పైగా పుస్తకాలను నకలు చేసి ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత గ్రంథాలయంలో ఉంచబట్టి సరిపోయింది.

వెతకడం ఎలా?

ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వెతికేటప్పుడు ఒక స్పెల్లింగుతో దొరకలేదని వదిలేయకూడదు. రెండు మూడు రకాలుగా రాసి చూడాలి. రచయిత పేరుతో చూడాలి, ఉర్దూ లిపిలో, తెలుగు లిపిలో కూడా చూడాలి. ఇంట్లో ఉర్దూ చదివే పెద్దవారు ఉంటే పక్కన కూర్చోబెట్టుకోవాలి. ఫోను నడిపేవాడికి లిపి రాదు, లిపి వచ్చినవారికి ఫోను నడపడం రాదు. ఇద్దరూ కలిస్తే పుస్తకం దొరుకుతుంది. దొరికిన తర్వాత మొదటి పుట చూసి సంబరపడక, మధ్యలో, చివర పుటలు ఉన్నాయా లేదా చూసుకోవాలి. లోపం ఉంటే అదే పుస్తకం మరో లైబ్రరీ ప్రతి ఉందేమో వెతకాలి, చాలాసార్లు ఉంటుంది. ఉర్దూ పుస్తకాలకు రేఖ్తా అనే ఢిల్లీ సంస్థ 2013 నుంచి చేస్తున్న పని కూడా ఎన్నదగినది. మన పంజాగుట్టలోని ఇదారె అదబియాతె ఉర్దూ పుస్తకాలు కూడా వారు స్కాన్ చేశారు. అయితే అక్కడ చదువుకోవడమే గాని దింపుకోవడం కుదరదు.

ఉచితం అన్న మాటకు హద్దు ఉంది. మన దేశ చట్టం ప్రకారం రచయిత మరణించిన తర్వాతి సంవత్సరం మొదలు అరవై సంవత్సరాలు హక్కు ఆయన వారసులది. 1992లో యాభైని అరవై చేశారు. లెక్క కట్టుకోవడం సులభం. సురవరం ప్రతాపరెడ్డిగారు 1953లో మరణించారు. ఆయన రచనలు 2014 నుంచి అందరివీ. మౌల్వీ అబ్దుల్ హఖ్ 1961లో మరణించారు. 2022 నుంచి ఆయనవీ అంతే. డాక్టర్ హమీదుల్లా 2002లో మరణించారు గనుక 2062 చివరి దాకా ఆయన పుస్తకాలు మన ఇష్టానికి పంచేవి కావు. నిన్న మొన్న అచ్చయిన పుస్తకాన్ని ఎవరో ఫోటోలు తీసి వాట్సాప్‌లో పంపితే, సవాబ్ పని చేస్తున్నామనుకుని పది గ్రూపులకు పంపడం చాలా ఇళ్ళల్లో జరుగుతున్నది. అప్పు చేసి అయిదు వందల కాపీలు వేసుకున్న రచయిత గోదాములో ఆ కాపీలు అట్టే ఉండిపోతాయి. కాచిగూడ చౌరస్తా దగ్గర నవోదయలో, చత్తా బజార్ ఉర్దూ దుకాణాల్లో నూటికీ రెండు వందలకూ దొరికే పుస్తకం డబ్బిచ్చి కొనుక్కోవడమే న్యాయం.

తమంత తాముగా పుస్తకాన్ని వదిలిపెట్టిన వారి సంగతి వేరు. జనాబ్ సయ్యద్ నశీర్ అహమ్మద్‌గారు స్వాతంత్ర్యోద్యమంలో ముస్లింల పాత్ర మీద ఏళ్ళ తరబడి శ్రమించి తెలుగులో ఎన్నో గ్రంథాలు రాశారు. ముస్లిం స్త్రీలు చేసిన పోరాటం మీద విడిగా ఒక పుస్తకం, అష్ఫాఖుల్లా ఖాన్ మీద ఒకటి, తెలుగులో రాసిన ముస్లిం కవులూ రచయితల పరిచయాలతో అక్షరశిల్పులు. ఇవి తెలుగు వికీసోర్స్ అనే ఉచిత గ్రంథాలయంలో ఎవరైనా చదువుకునేట్టు, పంచుకునేట్టు ఆయన అనుమతితోనే ఉన్నాయి. తెలుగు మాత్రమే చదవగలిగిన మన పిల్లలకు ముందుగా ఇవ్వదగిన పుస్తకాలు ఇవేనని నా అభిప్రాయం. స్కూల్లో ఆగస్టు పదిహేను ఉపన్యాసానికి ప్రతి ఏడాదీ అవే రెండు పేర్లు చెప్పే పిల్లవాడు అందులో పాతిక పేర్లు నేర్చుకోగలడు.

మరొకటి, మన వాకిట్లోనే తయారైనది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1958లో కూనూరు నుంచి ఇక్కడికి వచ్చింది. మన బియ్యం, పప్పులు, ఆకుకూరలు, మాంసంలో ఏ పోషకం ఎంత ఉందో కొలిచి పట్టికలు వేసిన సంస్థ అది. 2024 మే నెలలో భారతీయుల ఆహార నియమాలు కొత్తగా సవరించి పదిహేడు సూత్రాలుగా విడుదల చేసింది, ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు. ప్రతి ఇంట్లో ఇద్దరికి షుగరు ఉన్న రోజులు. ఇఫ్తార్ పళ్ళెంలో నూనె సరుకులు ఎన్ని ఉండవచ్చో ఆ పుస్తకం చూసి మన అమ్మీజాన్‌లు, ఆపాలు నిర్ణయించుకుంటే ఎవరికీ కష్టం లేదు – సమోసా కొట్టువాడికి తప్ప.

మన సొసైటీ వాట్సాప్ గ్రూపులో ఒక్కోరోజు ఇరవై ముప్ఫై పుస్తకాలు వస్తుంటాయి. పంపినవారు చదవరు, అందుకున్నవారు తెరవరు, ఫోను నిండిపోయి ఫొటోలతో బాటు అవీ తుడిచేస్తారు. దానికి బదులు నెలకు ఒక్క పుస్తకం పంపి, ఇందులో ఫలానా అధ్యాయం చూడండి, ఇరవై పుటలే, ఇందుకోసం చూడండి అని రెండు వాక్యాలు రాస్తే పదిమంది చదువుతారు. ఉర్దూ గ్రంథమైతే జుమా నమాజు తర్వాత పెద్దవారు ఒకరు అరగంట చదివి వినిపించి, పిల్లలు తెలుగులో రాసుకోవచ్చు. దారుల్ తర్జుమాలో జరిగింది కూడా ఇంతకంటే వేరు కాదు – శాస్త్రం తెలిసిన ఒకరు, భాష తెలిసిన ఒకరు, మధ్య ఒక బల్ల.

ఇక ఇళ్ళల్లో ఉన్న పాత పుస్తకాల మాట. రద్దీకి వేసే ముందు ముఖపత్రం ఒక్కటి ఫోటో తీసి సొసైటీ ఆఫీసులో చూపించండి. దారుల్ తర్జుమా ముద్ర, దాయిరతుల్ మఆరిఫ్ ముద్ర, లేదా విజ్ఞాన చంద్రిక పేరు ఉంటే మరీ తప్పకుండా. అది ఇప్పటికే ఇంటర్నెట్‌లో ఉందో లేదో పది నిమిషాల్లో తేలిపోతుంది. ఉంటే, అందులో పుటలు పూర్తిగా ఉన్నాయా, మీ ప్రతిలో ఉన్న పుట అక్కడ లోపించిందా అని పోల్చి చూడవచ్చు. ఇబ్నె సాద్ అనువాదంలో ఒక సంపుటం, గణితం పాఠ్యపుస్తకం, అట్ట ఊడిన వైద్య గ్రంథం, ఏదైనా సరే. వానాకాలం రాకముందే తెస్తే మంచిది. అటక మీద ఉన్నవాటికి చెదలు, కింద ఉన్నవాటికి చెమ్మ పట్టేది ఆ రోజుల్లోనే.